పటాలమే పరగణాగా: మిర్హొరొద్ కొసాక్కు రెజిమెంటు సైనిక, పరిపాలనా చరిత్ర (1648–1782)

ఉపోద్ఘాతం

తెలుగులో రెజిమెంటు అనగానే పటాలం గుర్తుకు వస్తుంది. పటాలం కదిలేది. ఒకచోట విడిది చేస్తుంది, ఆజ్ఞ రాగానే డేరాలెత్తి సాగిపోతుంది. కాని పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల ఉక్రెయిన్‌లో ‘పోల్క్’ అని పిలిచిన కొసాక్కు రెజిమెంటు అటువంటిది కాదు. దానికి ఊళ్ళున్నాయి, నదులున్నాయి, పొలిమేరలున్నాయి, న్యాయస్థానమూ ఖజానా లెక్కలూ ఉన్నాయి. అందులో పుట్టినవారు, అందులోనే పొలం దున్నినవారు, జీవితంలో ఒక్కసారీ కత్తి పట్టనివారు వేల సంఖ్యలో ఉన్నారు. పోల్క్ అంటే సేనావిభాగం. పోల్క్ అంటే జిల్లా కూడా. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఒదగడం భాషాపరమైన యాదృచ్ఛికత కాదు, ఒక పాలనావ్యవస్థ స్వభావం.

గొగోల్ కథాసంపుటి ‘మిర్గొరొద్’ (1835) ద్వారా రష్యన్ సాహిత్య పాఠకులకు ఆ ఊరిపేరు చిరపరిచితం. ఉక్రేనియన్ ఉచ్చారణలో అది మిర్హొరొద్. ఆ సంపుటిలోని తారాస్ బూల్బా ఒక పోల్క్ అధిపతి. అయితే గొగోల్ చూసిన మిర్హొరొద్‌లో పోల్క్ లేదు. గేదెలాంటి బద్ధకంతో గడిచే చిన్న పట్టణం, ఇరుగుపొరుగు భూస్వాముల తగవులు మాత్రమే ఉన్నాయి. ఆ పట్టణం ఒకప్పుడు నూట ముప్పై ఏళ్ళకు పైగా ఒక సైనిక మండలానికి రాజధాని. ఆ మండలం ఎలా ఏర్పడింది, ఎలా నడిచింది, దాన్ని నడిపినవారి చేతుల్లోనే లోలోపల ఎలా మారిపోయింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించిన అంశం.

జాబితా నుండి మండలం దాకా

కొసాక్కు అన్నది తుర్కీ భాషల నుండి వచ్చిన మాట. స్వేచ్ఛాజీవి, ఏ ప్రభువుకూ కట్టుబడనివాడు అని దాని అర్థచ్ఛాయలు. నీపర్ నది దిగువ మైదానాల్లో చేపలు పట్టుకుంటూ, వేటాడుతూ, క్రిమియా తాతారులతో పోరాడుతూ బతికిన ఈ జనాన్ని పోలండ్–లిథువేనియా రాజ్యం తొలుత అనుమానంతో చూసింది. తరువాత కొలువులోకి తీసుకుంది. 1572లో రాజు రెండవ సిగిస్మండ్ అగస్టస్ మూడువందల మందిని జీతానికి నమోదు చేయించాడు. ఆ నమోదు పుస్తకానికే ‘రిజిస్టరు’ అని పేరు. అందులో పేరున్నవాడు స్వేచ్ఛ కలిగిన సైనికుడు. పేరు లేనివాడు ప్రభువుకు పన్ను కట్టవలసిన రైతు. ఇద్దరూ ఒకే ఊరివారు, ఒకే చర్చిలో మొక్కేవారు కావచ్చు. తరువాతి వందేళ్ళ తిరుగుబాట్లకు మూలం చాలామటుకు ఈ పుస్తకంలో ఎవరి పేరు ఉండాలన్న వివాదమే.

1625లో కురుకొవె సరస్సు దగ్గర కుదిరిన ఒడంబడిక ఆ సంఖ్యను ఆరువేలుగా నిర్ణయించింది. ఆ ఆరువేల మందినీ కీవ్, పెరెయాస్లావ్, బీలా త్సెర్క్వా, కోర్సున్, కానివ్, చెర్కాసి అనే ఆరు పట్టణాల పేర్లతో ఆరు రెజిమెంట్లుగా విభజించారు. పోల్క్‌కు ఊరిపేరు పెట్టే ఆనవాయితీ ఇక్కడ స్థిరపడింది. కాని ఆ ఊళ్ళ మీద అధికారం అప్పటికి రాజప్రతినిధులది, ప్రభువులది. కొసాక్కు నాయకుడి ఆజ్ఞ తన జాబితాలోని మనుషుల వరకే చెల్లింది, వారి కాళ్ళకింది నేల మీద చెల్లలేదు. 1638 నాటి శాసనం ఆ కొద్ది స్వతంత్రాన్నీ తగ్గించింది. రెజిమెంట్ల అధిపతులుగా కులీన వర్గంవారినే నియమించాలని విధించింది.

1648లో బొహ్దాన్ ఖ్మెల్‌నిత్స్కీ నాయకత్వంలో లేచిన మహా తిరుగుబాటు ఈ స్థితిని తలకిందులు చేసింది. ప్రభువులు పారిపోయారు, రాజోద్యోగులు పారిపోయారు. పన్ను వసూలు చేయడానికి, తగవు తీర్చడానికి, దొంగను పట్టడానికి ఊళ్ళలో మిగిలిన యంత్రాంగం ఒక్కటే: తిరుగుబాటు సైన్యం. ఏ పట్టణం చుట్టూ ఏ దళం సమకూడిందో ఆ పట్టణమూ పరిసర గ్రామాలూ ఆ దళానికి మండలమయ్యాయి. ఎవరో కూర్చుని గీసిన పటం కాదది; శూన్యం పూరించుకున్న తీరు. మిర్హొరొద్ పోల్క్ పుట్టింది ఈ సందర్భంలోనే. ఖొరోల్, ప్సెల్ నదుల నడుమనున్న నల్లరేగడి మైదానం దాని నడిగడ్డ. దక్షిణాన అది నీపర్ ఒడ్డు దాకా సాగింది.

1649 జ్బొరీవ్ ఒప్పందంలో రిజిస్టరు సంఖ్య నలభైవేలకు పెరిగింది. ఆ ఏడు తయారైన జాబితా పదహారు రెజిమెంట్ల వారీగా, వాటిలోని ‘సోత్నియా’ల వారీగా మనుషుల పేర్లను నమోదు చేసింది. సైనిక నమోదు పుస్తకమే తొలిసారిగా ఒక దేశపు పరిపాలనా పటమైంది. రెండేళ్ళకే, 1651లో, బీలా త్సెర్క్వా ఒప్పందం ఆ సంఖ్యను ఇరవైవేలకు కుదించింది. అంటే తిరుగుబాటులో పోరాడినవారిలో సగంమందిని మళ్ళీ ప్రభువుల కిందికి పొమ్మనడమే. మిర్హొరొద్ తొలి అధిపతి మత్వీయ్ హ్లాద్కీ దాన్ని వ్యతిరేకించాడు. 1652లో ఖ్మెల్‌నిత్స్కీ అతనికి మరణశిక్ష వేయించాడు. పోల్క్ చరిత్ర మొదటి పుటలోనే అధిపతి తల తెగిపడింది. స్వేచ్ఛ ఎంతమందికి అన్న ప్రశ్నకు చెల్లించిన మూల్యమది. ఆ ప్రశ్నను పోల్క్ చివరి దాకా మోసింది.

1654లో పెరెయాస్లావ్ దగ్గర కొసాక్కులు మాస్కో జారు రక్షణను అంగీకరించారు. 1667 అంద్రూసొవొ సంధి నీపర్ నదిని సరిహద్దు చేసి ఉక్రెయిన్‌ను రెండుగా చీల్చింది. ఎడమ ఒడ్డున, జారు ఛత్రం కింద, ‘హెట్మన్’ అనే సర్వసేనాని ఏలుబడిలో క్రమంగా పది రెజిమెంట్లు స్థిరపడ్డాయి: స్తారొదూబ్, చెర్నీహివ్, నీజిన్, కీవ్, పెరెయాస్లావ్, ప్రిలూకి, లుబ్ని, హాద్యాచ్, మిర్హొరొద్, పొల్తావా. ఈ పదింటి సముదాయమే చరిత్రకారులు హెట్మనేట్ అని పిలిచే రాజ్యం. ఉత్తరాదివి అడవి ప్రాంతాలు. మిర్హొరొద్, పొల్తావా మాత్రం గడ్డిమైదానపు అంచున, తాతారుల దాడులకు ఎదురుగా ఉన్నవి. అందువల్ల ఈ రెండింటిలో సైనిక లక్షణం మిగిలినవాటికన్నా ఎక్కువ కాలం నిలిచిందనుకోవచ్చు.

కత్తీ కలమూ ఒకరి చేతిలో

పోల్క్‌కు అధిపతి ‘పోల్కొవ్నిక్’. ఆరు అంచుల గద అతని అధికారచిహ్నం. యుద్ధంలో సేనాని అతడే, శాంతికాలంలో మండలాధికారి అతడే, తగవుల్లో పై న్యాయాధికారీ అతడే. అతని చుట్టూ ఒక చిన్న కొలువు ఉండేది. ఫిరంగులు, సామగ్రి చూసేవాడు ‘ఒబొజ్నీ’, న్యాయం చెప్పేవాడు ‘సుద్యా’, లేఖకుడు ‘పీసర్’, ఆజ్ఞలు అమలు జరిపే అనుచరుడు ‘ఒసవూల్’, పతాకం మోసేవాడు ‘ఖొరూంజీ’. వీరందరికీ కలిపి ‘స్తర్షినా’, అంటే పెద్దలు, అని పేరు. యుద్ధరంగంలో ఫిరంగుల బండ్లు నడిపించిన ఒబొజ్నీ మండలంలో అధిపతి తరువాతి స్థానంలో ఉండేవాడు. లేఖకుడిది మరింత ఆసక్తికరమైన స్థానం. జాబితాలు, భూదాన పత్రాలు, తీర్పులు అతని చేతి మీదుగా పోయేవి. కత్తి పట్టేవారి రాజ్యంలో అక్షరం తెలిసినవాడి బలం తక్కువేమీ కాదు.

పోల్క్‌ను సోత్నియాలుగా విభజించారు. మాటకు అర్థం ‘నూరు’. ఆచరణలో ఒక్కో సోత్నియాలో నూరుకు మించిన కొసాక్కులుండేవారు, కొన్నిచోట్ల అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి సంఖ్యావాచకం త్వరలోనే స్థలవాచకమైంది. మిర్హొరొద్ పోల్క్‌లో సొరోచింత్సి, షిషాకి, ఉస్తివిత్స్యా, హొవ్త్వా, నీపర్ ఒడ్డున క్రెమెంచూక్ వంటివి సోత్నియా కేంద్రాలు. ఒక్కోదానికి ‘సోత్నిక్’ అధికారి. పైనున్న కొలువుకు నకలుగా ఇక్కడా లేఖకుడు, ఒసవూల్, ఖొరూంజీ ఉండేవారు. సోత్నియా కింద ‘కురీన్’లు, వాటికి ‘ఒతమాన్’లు. గ్రామంలోని ఒక రైతు తగవు సోత్నియా న్యాయస్థానంలో మొదలై, పోల్క్ న్యాయస్థానానికి, అక్కడినుండి హెట్మన్ రాజధానిలోని సర్వోన్నత న్యాయస్థానానికి చేరవచ్చు. ఆ తగవులో ప్రమాణమైన గ్రంథాలు కొసాక్కులవి కావు. 1588 నాటి లిథువేనియన్ శాసనసంహిత, జర్మన్ నగరాల నుండి వచ్చిన మాగ్డెబుర్గ్ న్యాయం, వాటితోపాటు స్థానికాచారం. తిరుగుబాటు ప్రభువులను వెళ్ళగొట్టింది కాని వారి ధర్మశాస్త్రాన్ని అట్టిపెట్టుకుంది. తరువాత జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క వాస్తవం చాలా ఉపకరిస్తుంది. ఆ సంహితను రాసినవారు కులీన భూస్వాములు, రాసుకున్నది తమ కోసం. దాన్ని పట్టుకుని తీర్పులు చెప్పిన కొసాక్కు పెద్దలకు తామూ కులీనులమేనన్న ఆలోచన రావడం సహజం.

సిద్ధాంతంలో పెద్దల పదవులు ఎన్నికతో వచ్చేవి. ‘రాదా’ అనే సభలో కొసాక్కులు కేకలు వేసి, టోపీలు ఎగరేసి నాయకుణ్ణి ఎన్నుకునేవారన్నది జనశ్రుతిలోని చిత్రం. పదిహేడో శతాబ్దం ముగిసేనాటికి ఆ సభ స్తర్షినా సమావేశంగా కుదించుకుపోయింది. అధిపతిని నియమించే హక్కు కోసం ఒకవైపు హెట్మన్, మరోవైపు జారు పోటీపడ్డారు. 1710లో ప్రవాసంలో పిలిప్ ఒర్లిక్ వెలువరించిన రాజ్యాంగపత్రం పోల్క్ అధిపతులను స్వేచ్ఛగా ఎన్నుకోవాలని, పదవిని అమ్ముకోరాదని నిబంధన పెట్టింది. అటువంటి నిబంధన రాయవలసి రావడమే నాటి వాస్తవస్థితికి సాక్ష్యం.

అపోస్తోల్ వంశం

మిర్హొరొద్ పోల్క్ చరిత్రలో అధికభాగం ఒక కుటుంబ చరిత్ర. పావ్లొ అపోస్తోల్ ఈ మండలానికి అధిపతిగా ఉండి 1678లో మరణించాడు. అతని కుమారుడు దనీలొ అపోస్తోల్ 1683 నుండి 1727 వరకు, నలభై నాలుగేళ్ళపాటు ఆ పదవిలో ఉన్నాడు. 1727లో దనీలొ హెట్మన్ కాగా పదవి అతని కుమారుడు పావ్లొకు దక్కింది. మరో కుమారుడు పెత్రొ పొరుగునున్న లుబ్ని రెజిమెంటుకు అధిపతి అయ్యాడు. ఎన్నికతో రావలసిన పదవి మూడు తరాలపాటు ఒకే ఇంట్లో తిరిగింది.

దనీలొ అపోస్తోల్ జీవితం ఆ కాలపు ఇరకాటాన్నంతా ఒంట పట్టించుకున్నది. 1708 శరత్తులో హెట్మన్ ఇవాన్ మజేపా జారు పీటర్‌ను విడిచి స్వీడన్ రాజు పన్నెండవ చార్లెస్ పక్షం చేరినప్పుడు అపోస్తోల్ అతని వెంట నడిచాడు. కొద్ది వారాలకే తిరిగి పీటర్ శిబిరానికి చేరుకున్నాడు. దీన్ని అవకాశవాదమన్నవారున్నారు, రాయబారమన్నవారూ ఉన్నారు. మండలం దృష్టితో చూస్తే మరొక కోణం కనిపిస్తుంది. పోల్క్ అధిపతి వెంట ఉన్నది సైన్యం మాత్రమే కాదు. ఆ సైన్యపు ఇళ్ళు, గాదెలు, కుటుంబాలు రష్యన్ దళాల దారిలోనే ఉన్నాయి. మజేపా రాజధాని బతూరిన్ నేలమట్టమైన వార్త వచ్చాక, నేలతో ముడిపడిన సేనాని ఎటు నిలబడాలన్నది అతని ఇష్టాయిష్టాలకు మించిన విషయమైంది. కదిలే పటాలానికి ఈ బాధ లేదు.

పొల్తావా యుద్ధం (1709) తరువాత కొసాక్కులను పీటర్ సైనికులుగా కన్నా కూలీలుగానే ఎక్కువగా వాడుకున్నాడు. లదోగా కాలువ తవ్వకానికి, కాస్పియన్ తీరాన సులాక్ నది దగ్గర కోట పనులకు రెజిమెంట్ల వారీగా మనుషులను తరలించారు. జబ్బులతో, ఆకలితో చాలామంది తిరిగిరాలేదు. 1722 పర్షియా దండయాత్రలో కొసాక్కు దళాలకు నాయకుడిగా వెళ్ళింది అపోస్తోలే. అదే ఏడు హెట్మన్ స్కొరొపాద్స్కీ మరణించాడు. కొత్త హెట్మన్ ఎన్నికను ఆపివేసి, రష్యన్ అధికారులతో కూడిన ‘లిటిల్ రష్యా కొలీజియం’ను పీటర్ హెట్మనేట్ మీద కూర్చోబెట్టాడు. 1723లో కొలొమాక్ నది ఒడ్డున విడిది చేసిన రెజిమెంట్ల నుండి, హెట్మన్ ఎన్నికను పునరుద్ధరించాలని, పాత హక్కులను కాపాడాలని వినతిపత్రాలు వెళ్ళాయి. వాటి వెనుక అపోస్తోల్ ఉన్నాడు. ఫలితంగా అతడు, పావ్లొ పొలుబోతొక్ మొదలైనవారు సెయింట్ పీటర్స్‌బర్గ్ కోటలో బందీలయ్యారు. పొలుబోతొక్ 1724 డిసెంబరులో చెరలోనే కన్నుమూశాడు. పీటర్ మరణానంతరం, 1725లో, అపోస్తోల్ విడుదలయ్యాడు.

హెట్మన్‌గా అతడు చేసినవాటిలో పోల్క్ చరిత్రకారుడికి అమూల్యమైనది 1729–1731 నాటి భూముల విచారణ. పది రెజిమెంట్లలోనూ ఏ ఊరు ఎవరి స్వాధీనంలో ఉంది, ఏ హక్కుతో ఉంది, ఏ పత్రముంది అని ఊరి పెద్దలను, వృద్ధులను పిలిచి సాక్ష్యం తీసుకున్నారు. పదవికి అనుబంధంగా వచ్చి, పదవితోపాటు పోవలసిన ఊళ్ళు ఎన్నెన్ని వ్యక్తిగత ఆస్తులుగా మారాయో ఆ విచారణ బయటపెట్టింది. దాన్ని జరిపించిన హెట్మన్ స్వయంగా పెద్ద భూస్వామి అన్నది మరువరాదు. అతడు సొరోచింత్సిలో కట్టించిన రూపాంతరీకరణ చర్చి 1732లో పూర్తయింది. 1734లో మరణించాక అందులోనే అతణ్ణి పూడ్చిపెట్టారు. 1809లో పసివాడైన గొగోల్‌కు జ్ఞానస్నానం జరిగింది ఆ చర్చిలోనే.

భూమి ఎటు పోయింది

1648లో కొసాక్కు అన్నవాడు తన గుర్రం, తన కత్తి, తన తిండితో యుద్ధానికి వచ్చేవాడు. జీతం లేదు. బదులుగా అతని పొలానికి పన్ను లేదు. పోల్క్ వ్యవస్థ మొత్తం ఈ లెక్క మీద నిలబడింది: కొసాక్కుకు సరిపడా భూమి ఉన్నంతకాలం మండలానికి ఖర్చులేని సైన్యం ఉంటుంది. అధిపతికీ నగదు వేతనం లేదు. పదవికి చెందిన ఊళ్ళు, తిరగలి మిల్లుల ఆదాయం, సారా అమ్మకం మీద రాబడి అతని భృతి.

ఏటేటా దూరపు దండయాత్రలు, కాలువల తవ్వకాలు వచ్చిపడేసరికి ఈ లెక్క తప్పింది. విత్తే వేళకు యజమాని ఇంట లేడు. తిరిగివస్తే గుర్రం లేదు, అప్పు ఉంది. అప్పిచ్చినవాడు చాలాసార్లు సోత్నిక్ లేదా మరొక పెద్ద. పొలం అతని పరమయ్యేది. పాత యజమాని అదే పొలంలో పాలేరుగా మిగిలేవాడు. తగవు పెడితే తీర్పు చెప్పవలసినవాడూ ఆ పెద్దే. కత్తి, కలం, కొలబద్ద ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో చూడడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. రైతుల స్థితి మరింత కిందికి పోయింది. 1701లో మజేపా వెలువరించిన ఆజ్ఞాపత్రం వారానికి రెండు రోజుల వెట్టికి మించకూడదని పరిమితి విధించింది. ప్రభువులను తరిమిన యాభై ఏళ్ళకే వెట్టికి హద్దు చెప్పవలసిన అవసరం ఏర్పడింది.

1735లో కొసాక్కులను రెండు తరగతులుగా విడదీశారు. గుర్రం, ఆయుధం సమకూర్చుకోగల ‘ఎంపికైన’ కొసాక్కులు యుద్ధానికి వెళ్ళాలి. వీరి సంఖ్యను ఇరవైవేలుగా నిర్ణయించారు. తక్కినవారు ‘సహాయకులు’గా వారికి మేత, తిండి సమకూర్చాలి. రిజిస్టరు చుట్టూ జరిగిన పాత పోరాటం ఇక్కడ మరో రూపంలో తిరిగివచ్చిందనడం తప్పు కాదు. 1739లో కొసాక్కు భూముల అమ్మకాన్ని నిషేధించారు. అప్పటికే అమ్ముడైనవి వెనక్కి రాలేదు.

పంతొమ్మిదో శతాబ్దపు చరిత్రకారుడు ఒలెక్సాంద్ర్ లాజరెవ్స్కీ స్తారొదూబ్, నీజిన్, ప్రిలూకి రెజిమెంట్ల చరిత్రను ఊరూరా భూపత్రాలు వెదికి నిర్మించాడు. హెట్మన్ల వీరగాథలకు అలవాటుపడిన పాఠకులకు అతడు స్తర్షినా దురాశను చూపించాడు. అతని చిత్రణ ఏకపక్షమన్న విమర్శ ఉంది. ఆ విమర్శలో కొంత న్యాయముంది. సామ్రాజ్యం మోపిన యుద్ధభారం లేకపోతే కొసాక్కు అప్పు అంత త్వరగా పెరిగేది కాదు. అయినా పోల్క్‌ను ఒక సమగ్ర అధ్యయనాంశంగా నిలిపిన తొలి ఘనత అతనిదే.

కరిగిపోయిన మండలం

అపోస్తోల్ వంశం తరువాత, 1737లో, మిర్హొరొద్‌కు అధిపతిగా వచ్చినవాడు గ్రీకు మూలాలున్న వసీల్ కాప్‌నిస్ట్. రష్యన్ సైనిక సేవలో పైకి వచ్చినవాడు. పోల్క్ అధిపతి పదవి స్థానిక పెద్దల చేతినుండి సామ్రాజ్య ఉద్యోగంగా మారుతున్న దశకు అతడు ప్రతినిధి. ఆ కాలంలోనే జార్జియన్ కవి దవిత్ గురమిష్విలి హుస్సార్ సైనికుడిగా మిర్హొరొద్ ప్రాంతంలో భూమి పొంది, అక్కడే స్థిరపడి, 1792లో అక్కడే మరణించాడు. కొసాక్కుల మండలంలో సామ్రాజ్యం తన ఇతర సైనికులకు పొలాలు పంచడం మొదలైందన్నమాట. 1750ల తొలినాళ్ళలో నీపర్ ఆవలి ఒడ్డున, మిర్హొరొద్, పొల్తావా రెజిమెంట్ల జనం స్థిరపడిన నేల మీద సెర్బ్ వలస సైనికుల కోసం ‘నూతన సెర్బియా’ను ఏర్పాటు చేశారు.

1764లో కేథరిన్ రెండవ మహారాణి చివరి హెట్మన్ కిరీలొ రొజుమోవ్స్కీ చేత రాజీనామా ఇప్పించింది. అదే ఏడు క్రెమెంచూక్ ప్రాంతాన్ని మిర్హొరొద్ పోల్క్ నుండి విడదీసి కొత్త నొవొరొస్సియా గుబెర్నియాలో కలిపారు. 1765లో గవర్నర్ జనరల్ రుమ్యాంత్సెవ్ జనాభా, భూమి, పశువుల సమగ్ర లెక్కింపు మొదలుపెట్టాడు. మనుషుల వయసుతో సహా, ఇంటింటికీ ఎన్ని ఎడ్లు, ఎంత పొలం అని రాసుకున్నారు. 1649 నాటి జాబితా ఎవరు పోరాడగలరని అడిగింది. ఈ లెక్క ఎవరు ఎంత చెల్లించగలరని అడిగింది. రెజిమెంట్ల పరిపాలనను 1781–82లో రద్దుచేసి గవర్నర్ మండలాలను ప్రవేశపెట్టారు. మిర్హొరొద్ కీవ్ గవర్నర్ మండలంలో ఒక ‘ఉయెజ్ద్’, అంటే తాలూకా వంటిది, అయింది. 1783లో కొసాక్కు రెజిమెంట్లను సాధారణ అశ్విక దళాలుగా మార్చారు. ఆ ఏడాది మే నెలలోనే రైతులు తామున్న చోటునుండి కదలకూడదన్న శాసనం వచ్చింది. దానితో వెట్టి పూర్తిగా చట్టబద్ధమైంది.

ఇంత మార్పుకు పెద్ద తిరుగుబాటేదీ జరగలేదు. కారణం దూరాన లేదు. స్తర్షినా కుటుంబాలకు 1785 నాటి ప్రభువర్గ హక్కుల పత్రం రష్యన్ కులీనులతో సమానస్థాయిని తెచ్చింది. పోల్క్ పోయినా పోల్క్ ద్వారా సంపాదించిన భూమి పోలేదు. పైగా దాన్ని దున్నేవారు ఇక కదలలేరు. పొల్తావాలో పుట్టిన ఇవాన్ కొత్ల్యారెవ్స్కీ ‘ఎనెయీద’ (1798)లో ట్రాయ్ వీరులను కొసాక్కుల వేషంలో నిలిపి, పాత రెజిమెంట్లను నవ్వుతూనే బెంగతో తలచుకున్నాడు. బెంగపడినవారున్నారు, కత్తి దూసినవారు లేరు.

భిన్నంగా మాట్లాడిన ఒక గొంతు మిర్హొరొద్ నుండే వచ్చింది. పోల్క్ అధిపతి వసీల్ కాప్‌నిస్ట్ 1757లో ప్రష్యాతో జరిగిన గ్రోస్ యేగర్స్‌డోర్ఫ్ యుద్ధంలో మరణించాడు. అతని కుమారుడు వసీలీ కాప్‌నిస్ట్ కవి. తండ్రి ఏలిన మండలం ఉయెజ్ద్‌గా మారిన 1782లో అక్కడి కులీనులు ఆ కుమారుణ్ణి తమ నాయకుడిగా ఎన్నుకున్నారు. మరుసటి ఏడు శాసనం వెలువడినప్పుడు అతడు ‘దాస్యంపై గేయం’ రాశాడు. 1788లో కొసాక్కు స్వచ్ఛంద దళాలను తిరిగి ఏర్పాటు చేయాలని ఒక ప్రణాళిక సమర్పించాడు. అది కార్యరూపం దాల్చలేదు. అతని ఒబుఖివ్కా ఎస్టేటులో దాస్యరైతులు పని చేస్తూనే ఉన్నారు. ఆ గేయం అచ్చులోకి వచ్చింది ఇరవై మూడేళ్ళ తరువాత, 1806లో.